ముక్కుతో పాట

ఇల్లు, కుట్టుమిషను గది
సోమవారం మధ్యాహ్నం

చుక్కలమ్మకి,

ఫోన్ ఎత్తితే ఇద్దరం ఏడవడం తప్ప మాట ముందుకి సాగట్లేదని, ఇకమీద ఉత్తరాలు రాసుకుందామని నువ్వే అన్నావు. ఊ అన్నాను గానీ, కాగితం ముందు కూర్చుంటే నా చేతికి కొలతలు తప్ప ఇంకేమీ రావట్లేదు. ఛాతీ ఇంత, నడుము ఇంత, చేతి పొడుగు ఇంత. అవి రాయమంటే నిద్రలో కూడా రాస్తాను.

మేం బాగానే ఉన్నాం. నీకు తెలుసు కదా, ఎంత బాగుండగలమో అంత.

మీ అన్నయ్య పోయి ఏడాది నిండింది. షెడ్డు యజమాని ఆయన సుత్తులు, టంకం పెట్టే సామాను అన్నీ ఒక సంచిలో వేసి పంపాడు. ఎంత చిల్లులు పడిన లారీ రేడియేటర్ అయినా టంకం పెట్టి అతికించి పంపిన మనిషి, తన కిడ్నీల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాడు. సంచి ఇంకా విప్పలేదు. మిషను కింద పెట్టి దానిమీదే కాళ్లు పెట్టుకుని కుడుతున్నాను.

నీ మేనకోడలి సంగతి చెప్పాలి. పిచ్చుక అని మీ అన్నయ్య ఊరికే పెట్టలేదు కదా ఆ పేరు, నిద్రలో కూడా మాట్లాడేది. ఈమధ్య నోరు కాస్త తగ్గింది. మొదట్లో నాకు ప్రాణం హాయిగా ఉంది, దాచడం ఎందుకు. తర్వాత భయం పట్టుకుంది. పొద్దున లేస్తే కడుపునొప్పి అంటుంది. మొహంలో రక్తం లేదు. ప్రతి చిన్నదానికీ చిర్రుబుర్రులాడుతుంది. తండ్రి బెంగ అని అందరూ అంటున్నారు. అయ్యుండొచ్చు. కానీ రెండు నెలల కిందట మా వీధంతా తవ్వి కొత్త పైపులు వేశారు, అప్పట్నుంచీ నాకు నీళ్ల మీద అనుమానం. ఊళ్లో అందరి నీళ్లూ పరీక్ష చేసే ఆడపడుచుని పెట్టుకుని నేను అనుమానంతో ఎందుకు చావాలి? ఒకసారి చూడు.

ఇంకోటి. పిచ్చుక నిన్ను ఇది అడగమంది. వాళ్ల నాన్న కట్టిన పొడుపు కథ. "కడుపులో నీళ్లు, కాళ్ల కింద నిప్పు, ముక్కుతో పాట. ఏంటది?" జవాబు నేనెక్కడ రాసేస్తానోనని పక్కనే కాపలా కూర్చుంది. చెప్పలేకపోతే నువ్వు చదివిన చదువంతా దండగట.

నీ వదిన


ల్యాబ్, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
గురువారం

వదినకి,

చుక్కలమ్మ అని నన్ను పిలిచేవాళ్లు నువ్వు తప్ప ఇంకెవరూ మిగల్లేదు. అన్నయ్య ఈ ల్యాబ్ చూడ్డానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. నేను బ్యూరెట్ తిప్పుతూ చుక్కా చుక్కా వదులుతుంటే, ఫ్లాస్కులో నీళ్లు రంగు మారేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మారాక గట్టిగా గాలి వదిలి, "చుక్కలు లెక్కపెట్టడానికా నిన్ను ఇన్నేళ్లు చదివించింది!" అన్నాడు. మా ల్యాబ్ పెద్దాయనతో సహా గదంతా నవ్వింది. ఇప్పటికీ రంగు మారే ముందు నాకు ఆయన ఊపిరి వినిపిస్తుంది.

పార్శిల్లో ఒక బాటిల్ పంపుతున్నాను. జాగ్రత్తగా చదువు. అడుగున కొన్ని చుక్కలు కనిపిస్తాయి. మురికి కాదు, నేనే వేసిన యాసిడ్. నీళ్లలో సీసంలాంటి లోహాలేమైనా ఉంటే బాటిల్ గోడలకి అంటుకుపోకుండా అది పట్టి ఉంచుతుంది. కాబట్టి కడగొద్దు, వేలు పెట్టొద్దు, పిచ్చుకకి అందేచోట పెట్టొద్దు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. నాకు నేరుగా పంపు నీళ్లు వద్దు. పిచ్చుక పొద్దున లేవగానే ఏ నీళ్లు తాగుతుందో ఆ నీళ్లే, ఏ గిన్నెలోంచి తాగుతుందో ఆ గిన్నెలోంచే, ఉన్నవి ఉన్నట్టు పోసి పంపు. పెళ్లిచూపుల నాటి మొహం చూసి ఎవర్నీ అంచనా వేయలేం కదా, నిద్ర లేచిన మొహం చూడాలి. నీళ్లైనా అంతే.

మీ వీధి పైపుల మీద నాకూ అనుమానంగానే ఉంది. భయపడకు. దొరికితే పట్టుకుంటాను, అదే కదా నా పని.

పిచ్చుకమ్మకి నా జవాబు: రైలింజను. కడుపులో నీళ్లు, కింద బొగ్గుల మంట, కూత పెడుతూ పోతుంది. నా చదువు దండగ కాదని ఒప్పుకోమను.

నీ చుక్కలమ్మ


ఇల్లు
ఆదివారం

చుక్కలమ్మకి,

బాటిల్ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. అంతా నువ్వు చెప్పినట్టే చేశాను. మళ్లీ మళ్లీ అడగకు, నేనేం చిన్నపిల్లని కాదు.

నీ రైలింజను చూసి పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వింది. చాన్నాళ్లకి. "రైలుకి ముక్కెక్కడుంది అమ్మా? అత్త రైలు ఎప్పుడూ చూడలేదా?" అంది. తనే రైలు బొమ్మ గీసి, ముక్కు ఎక్కడ పెడతావో నిన్ను పెట్టి చూపించమంటోంది. బొమ్మ ఈ కాగితం వెనకాల ఉంది. చక్రాలు ఒకవైపే వేసింది, ఇదివరకు ఇలా మర్చిపోయేది కాదు.

టీచరమ్మ పిలిపించింది. క్లాసులో కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుందట, పిలిస్తే మూడోసారికి పలుకుతుందట. ఇంటిదగ్గర ఏమైనా గొడవలా అని అడిగింది. ఇంటిదగ్గర గొడవ పడ్డానికి మనిషుంటే కదా అన్నాను. పాపం, ఆవిడ మొహం చిన్నబోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టయింది.

డాక్టర్ రక్తం తక్కువుందని ఇనుము టానిక్ రాశాడు. నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ వదిన


ల్యాబ్
మంగళవారం, పని అయ్యాక

వదినకి,

ముందు మంచి కబురు. మీ నీళ్లు బంగారం! మా ల్యాబ్ కుళాయి నీళ్లకంటే మీవే శుభ్రంగా ఉన్నాయి. ఉప్పుల శాతం బాగుంది, క్లోరిన్ ఉండాల్సినంత ఉంది. లోహాల కోసం పెద్ద మిషనులో పెట్టాను. ఒక చుక్క నీటిని సన్నటి గొట్టంలో పెట్టి నిప్పులా కాలుస్తాం. ఆ ఆవిరి గుండా వెలుగు పంపి, అవతలి వైపు ఎంత తగ్గి బయటికొస్తుందో చూస్తాం. ఆవిరిలో సీసం ఉంటే వెలుగుని మింగేస్తుంది. మీ నీళ్లలో వెలుగు వచ్చింది వచ్చినట్టే బయటికొచ్చింది. సీసం లేదు, హాని చేసే ఇంకే లోహమూ లేదు. పెద్దాయన కూడా కాగితం చూసి, "మీ వదినగారి నీళ్లు మనకి ఒక ట్యాంకర్ పంపించమను" అన్నారు.

కాబట్టి నీళ్ల బెంగ వదిలెయ్. వీధి పైపులకి నా తరఫున క్షమాపణ చెప్పు.

టానిక్ గురించి ఒక మాట. ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే పులుపు తోడుండాలి. రోజూ పొద్దున నిమ్మకాయ నీళ్లు ఇవ్వు. కాస్త చక్కెర వేస్తే తాగుతుంది. ఇది డాక్టర్ చెప్పకపోయినా నేను చెప్తున్నాను, మానొద్దు.

పొడుపు కథకి రెండో జవాబు: మండుటెండలో తారురోడ్డు మీద నడుస్తున్న ఏనుగు. కడుపు నిండా నీళ్లు, కాళ్ల కింద నిప్పు, ముక్కు సంగతి చెప్పక్కర్లేదు. ఈసారి ముక్కు ఉంది కదా, మార్కులు వెయ్యమను.

నీ చుక్కలమ్మ


ఇల్లు
శనివారం

చుక్కలమ్మకి,

రాసి మూడు నెలలైంది, తిట్టుకోకు. స్కూలు యూనిఫారాలు కుట్టే రోజులు, ఊపిరి తీసుకోవడానికి లేదు. అదొక్కటే కారణం కాదులే. మంచి కబురు ఏదైనా దొరికితే రాద్దామని ఆగాను. దొరకలేదు.

పిచ్చుకని కింది క్లాసు పిల్లలతో కూర్చోబెట్టారు. రాత్రి చదివిన పాఠం పొద్దునకే మర్చిపోతుంది. రెండో ఎక్కం నీళ్లు తాగినట్టు చెప్పేది, ఇప్పుడు సగంలో ఆగి నా మొహం చూస్తుంది. ఏడవదు. అదే నాకు భరించరానిది. ఏడిస్తే కొట్టి అయినా చెప్పించేదాన్నేమో. అన్నం సయించట్లేదు. మొన్న మెట్ల మీద నడుస్తూ నడుస్తూ పడిపోయింది.

నువ్వు చెప్పిన నిమ్మకాయ నీళ్లు ఒక్క పూట మానలేదు. నీ మాట మీద అంత గురి నాకు. ముందురోజు సాయంత్రమే నిమ్మకాయలు పిండి, చక్కెర కలిపి కెటిల్లో పోసి ఉంచుతాను. పొద్దునకి చల్లగా ఉంటాయి. మీ అన్నయ్య దాని కోసం చేశాడే, ఆ ఈల వేసే కెటిల్. ఆయన ఆసుపత్రికి వెళ్లే ముందు చేసిన ఆఖరి వస్తువు అదే. షెడ్డులో మిగిలిన ఇత్తడి రేకు, రాగి గొట్టం తెచ్చి, ఇంట్లోనే కూర్చుని అతుకులన్నీ టంకంతో మూసి, ముక్కుకి ఈల బిగించాడు. చేతులు వణుకుతున్నా అతుకు వంకర పోలేదు. ఆయన పోయిన దగ్గర్నుంచి పిచ్చుక ఇంకే గిన్నెలోనూ నీళ్లు ముట్టదు. మరిగించేదీ అందులోనే, నిలవ ఉంచేదీ అందులోనే. నిమ్మరసం మహిమ, ఈమధ్య లోపల అతుకులన్నీ వెండిలా మెరుస్తున్నాయి. చూస్తే ఆయన నిన్న చేసినట్టుంది.

ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పిల్ల చిగుళ్ల అంచున నల్లటి గీత చూసి, నా మొహం చూసి, మళ్లీ చిగుళ్లు చూసింది. ఇంకేదో పరీక్ష అని రక్తం తీసి పంపింది. ఏంటో చెప్పలేదు.

నీ ఏనుగుకి జవాబు రాయమంటే, "తర్వాత రాస్తా" అని పడుకుంది.

నీ వదిన


ల్యాబ్
సోమవారం

వదినా,

పొద్దున నీ ఉత్తరం చదివి వెంటనే ఫోన్ చేశాను. కెటిల్ మాట ఎత్తగానే నువ్వు పెట్టేశావు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను. ఇది చదివేటప్పుడు నన్ను ఎంతైనా తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

ఆ కెటిల్లో నీళ్లు పిచ్చుకకి ఇవ్వొద్దు. ఒక్క గుక్క కూడా వద్దు.

రేడియేటర్లకి వాడే టంకంలో సగానికి పైగా సీసం ఉంటుంది. రేడియేటర్ నీళ్లు ఎవరూ తాగరు కాబట్టి ఎవరికీ ఏమీ కాదు. ఆ టంకం తాగే గిన్నెలో ఉంటే అందులోంచి సీసం కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది. ఎంతసేపు నిలవుంటే అంత. పులుపు పోస్తే ఇంకా ఎక్కువ. లోపల వెండిలా మెరుస్తోందన్నావే, ఆ మెరుపు నిమ్మరసం సీసాన్ని కరిగించుకుపోయిన చోటు.

నాకు అర్థం కానిది ఒక్కటే. తాగే గిన్నెలోంచే నీళ్లు పంపావు కదా, మరి మొదటి పరీక్షలో ఎందుకు కనపడలేదు? అందుకే ఇంకో బాటిల్ పంపుతున్నాను. సాయంత్రం కెటిల్లో నీళ్లు పోసి, పొద్దునదాకా ఉంచి, అవే పంపు. ఈలోగా పిల్లకి స్టీలు గ్లాసు. బతిమాలుతున్నాను వదినా.

నీ చుక్కలమ్మ


ఇల్లు
గురువారం

ఆడపడుచుగారికి,

ఆడపడుచు అర్ధమొగుడు అంటే ఏంటో అనుకునేదాన్ని. మొగుడు పోయాక మిగిలిన సగం వచ్చి పెత్తనం చేస్తుందని ఇప్పుడు తెలిసింది.

నీ అన్న చెయ్యి విషం అంటావా? ఆ చేత్తోనే కదా నీకు ఫీజు కట్టాడు, ఆ చేత్తోనే కదా నీ ట్రంకు పెట్టె హాస్టల్ మెట్లన్నీ ఎక్కించాడు. కూతురి కోసం ఆఖరి శక్తి కూడదీసుకుని చేసిన దాన్ని, నువ్వు కంటితో చూడకుండా, చేత్తో ముట్టకుండా, అంత దూరం నుంచి సీసం అనేశావు. పుండు మీద కారం చల్లడం కూడా చదువులో నేర్పుతారని నాకు తెలీదు.

నీ మిషను అంత గొప్పదా? అయితే విను. నీ బాటిల్ నేను కడిగాను. అడుగున ఏవో చుక్కలుంటే పారబోసి, సబ్బు పెట్టి తోమి, బట్టతో తుడిచి ఎండలో పెట్టాను. కెటిల్లో నీళ్లు పొయ్యలేదు. నిన్నటి మిగులు నీళ్లు ఏ వదినైనా ఆడపడుచుకి పంపుతుందా? నలుగురు చూసే చోటికి పోతున్న నీళ్లు. కుళాయి తిప్పి, తేటగా వచ్చేదాకా వదిలి, కొత్త గుడ్డలో వడగట్టి పంపాను. మన ఇంటి నీళ్లు చూసి నీ పెద్దాయన ముక్కు మీద వేలేసుకోవాలనుకున్నాను. నువ్వు అడిగిన నీళ్లు కావు అవి. అయినా నీ మిషను బంగారం అని కాగితం ఇచ్చింది. అలాంటి దాని మాట నమ్మి మీ అన్నయ్య చేసిందాన్ని అవతల పారేయమంటావా?

కెటిల్ అటక మీద పెట్టాను. నువ్వు చెప్పావని కాదు. తుడవడానికి తీరిక లేక.

నీ వదిన


ల్యాబ్
ఆదివారం, సెలవు రోజు

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం రాలేదు. అటక మీద పెట్టావు, నాకు అది చాలు.

బాటిల్ కడిగినందుకు నిన్ను ఏమీ అనను. మొదట చదవగానే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే, నేనైనా అదే చేసేదాన్నేమో. మిగులు నీళ్లు పంపమని ఆడపడుచు అడిగితే ఏ ఇల్లాలికి చేతులొస్తాయి? మా శిక్షణలో మురికి గిన్నెల సంగతి ఉంటుంది గానీ, వదినల మర్యాద సంగతి ఉండదు. గిన్నె ఏది, ఎవరు చేశారు, దేంతో చేశారు అని నేను నోటితో అడగాల్సింది. కాగితం మీద చెప్పాను కదా అనుకున్నాను.

ఇంకా ఉంది. నిమ్మకాయ నీళ్లు మానొద్దని రాసింది నేను. నువ్వు ఒక్క పూట మానలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఈ ఇంట్లో ముగ్గురం పంచుకున్నాం, ముగ్గురం ఆ పిల్ల మీద ప్రేమతోనే పంచుకున్నాం. అన్నయ్యకి సంగతి తెలిసుంటే చెయ్యి నరుక్కునేవాడు గానీ ఆ టంకం పెట్టేవాడు కాదు. నాకు ఆయన తెలుసు. నీకంటే ముందు నుంచి తెలుసు.

నా అనుమానం తప్పు కావాలని రోజూ అనుకుంటున్నాను. నా ఉద్యోగంలో ఎప్పుడూ అలా అనుకోలేదు. నాది తప్పని రుజువు చెయ్యడానికైనా ఆ బాటిల్ నింపి పంపు.

నీ చుక్కలమ్మ


ఇల్లు
బుధవారం

చుక్కలమ్మకి,

రక్తం పరీక్ష వచ్చింది. డాక్టరమ్మ కూర్చోమంది. సీసం అంది. నువ్వు రాసిన మాటే, అదే మాట, నిన్ను ఎరగని మనిషి నోటి నుంచి. ఇంట్లో పాత రంగులేమైనా గీకారా, బ్యాటరీల పనేమైనా చేస్తారా అని అడుగుతూనే ఉంది. నేను కెటిల్ సంగతి చెప్పలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, మళ్లీ లోపలికెళ్లి చెప్పాను.

రేపు పిచ్చుకని ఆసుపత్రిలో చేర్చుకుంటారు. రక్తంలో సీసాన్ని పట్టుకుని బయటికి లాగే మందు ఉందట.

నీ బాటిల్ పంపుతున్నాను. ఈసారి కడగలేదు. నిన్న సాయంత్రం కెటిల్ దింపి నీళ్లు పోశాను. పొద్దున ఉన్నవి ఉన్నట్టు బాటిల్లోకి వంచాను. నీ చుక్కలు నీ చుక్కల్లాగే ఉన్నాయి. వంచుతుంటే ఈల సన్నగా మోగింది, గాలికి. మంట లేకపోయినా మోగింది. పిచ్చుక నిద్రలోంచి "నాన్నా" అంది.

మిషనుకి పెట్టకముందే నాకు జవాబు తెలుసు. అయినా పెట్టు. నువ్వు చెప్తే వినాలనుంది. కోపంలో ఏదేదో రాశాను, మనసులో పెట్టుకోకు.

నీ వదిన


ల్యాబ్
శుక్రవారం సాయంత్రం

వదినా,

పెట్టాను.

ముందు ఏమీ లేని శుద్ధమైన నీళ్లు పెట్టి చూశాం, మిషను శుభ్రంగా ఉందని తెలియడానికి. ఉంది. తర్వాత నీ బాటిల్. సీసం ఎంతుందో చూపించే గీత పైకి పోయి కాగితం అంచు దాటింది. నా చేతుల్ని నమ్మలేక పెద్దాయన్ని చెయ్యమన్నాను. ఆయన నీళ్లని చాలా పలచన చేసి పెడితే గానీ గీత కాగితంలో ఇమడలేదు. అది వట్టి నీళ్లకి. నిమ్మరసానికి ఎంత ఉండేదో నేను లెక్క వెయ్యలేదు. వెయ్యమని పెద్దాయన కూడా అడగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, మిషను ఆయనే ఆపేశారు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. అన్నయ్యకి కూడా కడుపునొప్పే కదా, అన్నం సయించలేదు కదా, చివర్లో మణికట్టు వాలిపోయింది కదా అని. ఇన్నేళ్లు ఆ టంకం పొగ పీల్చాడు. ఆయన్ని తీసుకెళ్లింది కూడా ఇదేనా అంటే నేను చెప్పలేను. పరీక్ష చెయ్యడానికి ఆయన లేడు. అనుమానం మాత్రం నాతోనే ఉండిపోతుంది. నీ దగ్గర దాచబుద్ధి కాలేదు.

వచ్చే వారం సెలవు పెట్టి వస్తున్నాను. ఆసుపత్రిలో నీకు బదులు కూర్చుంటాను, నువ్వు నిద్రపో.

పిచ్చుకమ్మకి ఒకటి చెప్పాలి. పొడుపు కథకి జవాబు నాకు మొదటి రోజే తెలుసు. "ఈల కుదిరింది చెల్లీ, కూతురి కోసం పాట పాడే కెటిల్ చేశాను" అని అన్నయ్య ఫోన్లో చెప్పాడు నాకు. ఆ గొంతులో ఆనందం ఇంకా చెవిలో ఉంది. నేను తెలీనట్టు నటించాను. రైలన్నాను, ఏనుగన్నాను, ఇంకా నాలుగు ఉత్తరాలు దాన్ని నవ్వించాలని ఓడల్నీ మేఘాల్నీ దాచిపెట్టుకున్నాను. నేను నీళ్లలో వెతుకుతున్నది ఆ పిల్ల మొదటి ఉత్తరంలోనే నా చేతిలో పెట్టింది వదినా. అది ఆడుకునే బొమ్మ అనుకున్నానే గానీ, అందులో నీళ్లు తాగుతోందని నాకు తట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

ఇక దాచను. జవాబు కెటిల్. అత్త చెప్పిందని దానికి చెప్పు.

నీ చుక్కలమ్మ


ఇల్లు, కుట్టుమిషను గది
సోమవారం

చుక్కలమ్మకి,

నువ్వు వెళ్లాక ఇల్లు మళ్లీ ఖాళీ అయింది. నువ్వున్న పది రోజులూ పోట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండేది.

నిన్న మళ్లీ రక్తం చూశారు. సీసం సగానికి దిగింది, ఇంకా దిగుతుందట. కడుపునొప్పి పోయింది. అన్నం తింటోంది, మొహంలో రంగు వస్తోంది. ఇవన్నీ చెప్పి డాక్టరమ్మ కాగితాలు నా చేతికిచ్చింది. "మరి చదువు?" అన్నాను. రక్తంలోంచి లాగగలం గానీ, తలలోంచి పోయింది మొత్తం వెనక్కి వస్తుందని మాట ఇవ్వలేనంది. కొంత రావొచ్చట. ఎంతో, ఎప్పటికో తెలీదట. అబద్ధం చెప్పనందుకు దండం పెట్టి వచ్చాను.

కెటిల్ నీకు పంపుతున్నాను. పారేయడానికి చేతులు రావు, ఇంట్లో పెట్టుకోవడానికి ధైర్యం లేదు. నీ కిటికీ పక్కన పెట్టుకో. నీళ్లు మాత్రం పొయ్యకు. కట్టేటప్పుడు అతుకుల మీద వేలు పెట్టి చూశాను. ఎక్కడా వంకర లేదు. అది ఏమైపోయిందని పిచ్చుక ఇప్పటిదాకా అడగలేదు.

ఆసుపత్రిలో చెప్పడం కుదరని నీ జవాబు చెబుదామని నిన్న సాయంత్రం దాన్ని మిషను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముందు పొడుపు కథ చెప్పాను. "కడుపులో నీళ్లు, కాళ్ల కింద నిప్పు, ముక్కుతో పాట. ఏంటది?" అన్నాను. శ్రద్ధగా విన్నది. "బాగుందమ్మా, ఎవరు చెప్పారు?" అంది.

"నాన్న," అన్నాను.

"నాకు చెప్పలేదే?"

నేను దారం తెంపుతున్నట్టు తల వంచుకున్నాను. అది చాలాసేపు ఆలోచించింది. పాపం, మనస్ఫూర్తిగా ఆలోచించింది, కనుబొమ్మలు ముడిపడి, దారపు ముక్క వేలికి చుట్టుకుంటూ. చివరికి, "రావట్లేదమ్మా, నువ్వే చెప్పు," అంది.

కెటిల్ అందామని నోరు తెరిచాను. ఏదో ఒక రోజు పెద్దదవుతుంది, తనకేం జరిగిందో, ఎందువల్ల జరిగిందో ఎవరో ఒకరు చెప్తారు. ఆ రోజు ఈ జవాబు దాని చేతిలో ఉండకూడదనిపించింది. వాళ్ల నాన్న పాట పాటగానే ఉండాలనిపించింది.

రైలు అని చెప్పాను చుక్కలమ్మా. రైలుకి ముక్కెక్కడుందని నీతో పోట్లాడిన పిల్ల, ఊ అని తల ఊపి నమ్మేసింది. ఈసారి నువ్వు వచ్చినప్పుడు నిన్ను అడుగుతానంది. నువ్వూ రైలనే చెప్పు.

నీ వదిన